డీజిలు ట్యాంకుకు ఉత్సవమూర్తి

రాసుకో మరి. నేను ఓడలెక్కడానికి శిక్షణ తీసుకుని, ఉద్యోగమంతా డీజిలు ట్యాంకులెక్కిన మనిషిని. తొందర పనులున్నవాళ్లు ఇక్కడిదాకా చదివి ఆపేయొచ్చు. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు మాత్రం కాస్త కూర్చోండి. ఇందులో మీకు పనికొచ్చే ముక్క ఒకటి ఉండాలి. ఎక్కడుందో చెప్పుకుంటూ పోతే నాకే తెలుస్తుంది.

మా నాన్న మంత్రాలయం దగ్గర ఒక గుడిలో అర్చకుడు. నేను కర్నూలులో కెమిస్ట్రీ చదివాను. డెబ్బైల మధ్యలో, నూనెలూ ఇంధనాలూ జాగ్రత్తగా నిలవ చేస్తున్నారా లేదా అని చూసే సర్కారు శాఖలో ఉద్యోగం వచ్చింది. శిక్షణ విశాఖపట్నం రేవులో. ఓడ అడుగున చమురు కలిసిన మురుగునీళ్లు చేరుతుంటాయి. వాటిని సముద్రంలోకి వదిలేస్తున్నారా, ఇంధనం ట్యాంకుల మూతలు బిగుతుగా ఉన్నాయా, పైపులు కారుతున్నాయా, ఇవన్నీ ఓడెక్కి చూడాలి. ఒక్క చుక్క కూడా నీళ్లలో పడకూడదని మా పెద్దాఫీసరు పొద్దున లేస్తే అదే మాట.

కొన్ని ఓడలు ఒడ్డుకు రాకుండా దూరంగా నిలబడేవి. చిన్న పడవలో వెళ్లి, పైనుంచి వేలాడేసిన తాళ్ల నిచ్చెన పట్టుకుని ఎక్కాలి. నేను చీర కచ్చపోసి బిగించి ఎక్కాను. నాకేం భయం లేదు. భయమంతా పెద్దాఫీసరుకే. నిచ్చెన కింద పడవలో నిలబడిన ఆయన, ఆడపిల్ల ఎక్కుతుంటే పైకి చూడడం మర్యాద కాదనుకుని మొహం పక్కకు తిప్పి ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక పడవ లేదు. ఆయన్ను బయటికి లాగేసరికి నెత్తి నుంచి గడ్డం దాకా నల్లటి చమురు. ఆ రేవులో ఎంత చమురు పారబోస్తున్నారో చెప్పడానికి అంతకంటే మంచి రుజువు మాకు మళ్లీ దొరకలేదు.

కొద్ది రోజులకే నాకు బదిలీ ఆర్డరు వచ్చింది. నీళ్లు లేని చోటు చూసి వేసినట్టున్నారు. ఆదోని.

"ఆదోనిలో వోడలు యాడుండాయమ్మా?" అన్నాడు నాన్న.

ఓడలు లేవు గానీ పత్తి మిల్లులున్నాయి. కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి మిల్లుకో డీజిలు ఇంజను, ఇంజనుకో ట్యాంకు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఉన్న మిల్లులూ, పెట్రోలు బంకులూ, కిరసనాయిలు డిపోలూ అన్నీ నా లెక్కే. తాళ్ల నిచ్చెన పోయి ఇనుప నిచ్చెన వచ్చింది, అంతే తేడా.

నాకు తోడు ఒక బంట్రోతు. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. ఏది చూసినా గుడ్డను చూసినట్టే చూస్తాడు. ట్యాంకుకు అతుకు కనిపిస్తే "ఈడ పోగు తెగినాది మేడమ్" అంటాడు. నేను చేరిన రోజు నన్ను ఎగాదిగా చూసి, పక్క గదిలో గుమాస్తాతో "నూలు మంచిదే. ఉతికినాక రంగు నిలస్తాదో లేదో సూడాల" అన్నాడట.

అతని చేతిలో ఎప్పుడూ ఉండేది కొలకర్ర. మనిషికంటే పొడుగు, కింద ఇత్తడి పొన్ను, ఒంటినిండా గీతలు. ట్యాంకులో దించి తీస్తే డీజిలు ఎంతవరకు తడిపిందో చూసి లెక్క చెప్పొచ్చు. దాంతో బస్సెక్కితే రోజూ ఒక గొడవ.

"ఈ కట్టెకు టికెట్ ఎవురు తీస్తారప్పా?" అనేవాడు కండక్టరు.

"అది నాకంటే ముందునుంచి సర్వీసులో ఉండాది. కావాలంటే దాన్ని కూసోబెట్టు, నేను నిలబడతా" అనేవాడు మావాడు.

కొలకర్ర గురించి ఇంకొక్కటి చెప్పాలి. దాని చివర పూయడానికి ట్యూబులో ఒక ముద్ద వచ్చేది. పసుప్పచ్చగా, బంగారు రంగులో ఉంటుంది. డీజిలు తగిలితే దాని రంగు మారదు. ట్యాంకు అడుగున నీళ్లుంటే మాత్రం ఎర్రగా అయిపోతుంది. డీజిలుకంటే నీళ్లు బరువు కదా, అడుగునే ఉంటాయి. ఇది గుర్తుపెట్టుకో. కథంతా ఈ ఎరుపులోనే ఉంది.

ఆదోని చివర ఒక జిన్నింగ్ మిల్లు ఉండేది. పత్తిలోంచి గింజ తీసే మిల్లు. దసరా దగ్గర పడుతుండగా అక్కడికి తనిఖీకి వెళ్లాను. ట్యాంకు కుళాయి కారుతోంది. కింద ఒక డబ్బా. డబ్బాకు అటొకడు ఇటొకడు బండ్లవాళ్లు కూర్చుని ఉన్నారు.

"ఏం చేస్తున్నారయ్యా ఇక్కడ?"

"డబ్బా నిండేదానికి కాసుకోనుండాము మేడమ్మా. ఆముదంలో కలిపి ఇరుసులకు పూస్తాము. ఈ పొద్దు నా వంతు, రేపు వీనిది."

ఓడల మీద ఒక్క చుక్క కారినా మేము జరిమానా రాసేవాళ్లం. ఇక్కడ ఒక్క చుక్క నేలపాలైతే వీళ్లిద్దరూ కొట్టుకుంటారు. ఆదోని వల్ల సముద్రానికి ఏ ప్రమాదమూ లేదని రిపోర్టు రాద్దామా అనిపించింది. కానీ చుట్టూ చూస్తే నవ్వు ఆగిపోయింది. దూదిపింజలు గాలిలో, గోడల మీద, ట్యాంకు నెత్తిన, కింద తడిసిన మట్టిలో, అంతటా. డీజిలు పెట్రోలులాగా తొందరగా అంటుకోదు. కానీ డీజిలులో తడిసిన దూది అంటే వత్తి. ఆ లెక్కన మిల్లంతా ఒక ప్రమిద.

కర్ర దించి తీశాం. చివర బాగా ఎర్రబడింది. నేను ఏదో అనేలోపే ఇంజను మేస్త్రీ తలగుడ్డ తీసి, చెప్పులు విడిచి, కర్రకు రెండు చేతులూ జోడించాడు. ఆ ఇంజనును పెళ్లాం కంటే ఎక్కువగా చూసుకుంటాడని మిల్లులో చెప్పుకునేవాళ్లు. పెళ్లాం కూడా అదే చెప్పుకునేదట.

"ఏండ్లనుంచి ఈ ట్యాంకు పక్కనే పండుకుంటాండా. అమ్మ నాకు ఒక్కసారన్నా అగపడలే. నీ కట్టెకు మాత్రం పసుపు మీద కుంకుమ పెట్టి పంపినాది" అన్నాడు కళ్లనీళ్లతో.

"అది కుంకుమ కాదు మేస్త్రీ. అడుగున నీళ్లున్నాయి. నీళ్లెట్లా వచ్చాయి?"

"టెంకాయనీళ్లుంటాయిలే" అన్నాడు తేలిగ్గా.

అడగ్గా అడగ్గా చెప్పాడు. ఏటా ఆయుధపూజ నాడు ట్యాంకు మూత తీస్తారు. టెంకాయ కొట్టి నీళ్లు లోపల పోస్తారు. మూత అంచు మీదే కర్పూరం వెలిగించి హారతి ఇస్తారు. అప్పుడు ఇంజను తిప్పితే అది దగ్గుతుంది, వణుకుతుంది, నల్లపొగ కక్కుతుంది. ఇంజను మీదికి అమ్మ వచ్చిందని అందరూ మొక్కుతారు. ఆ తర్వాతే కొత్త పత్తి మీద చెయ్యి వేస్తారు. అమ్మ రాకపోతే ఎవరూ వేయరు.

"నీళ్లు పోస్తే ఏ ఇంజనైనా దగ్గుతుంది మేస్త్రీ. పోసినవి అడుగుకు దిగేలోపే కొన్ని ఇంజనులోకి పోతాయి."

"అదే గదమ్మా నేను సెప్పేది. అమ్మ తాగినాది గాబట్టే దగ్గేది."

నా బీఎస్సీని మడిచి సంచీలో పెట్టేసుకున్నాను.

మిల్లు షావుకారు దగ్గరికి వెళ్లాను. కుళాయి మార్పిస్తానన్నాడు, దూది ఊడిపిస్తానన్నాడు, అడుగు మర విప్పి నీళ్లు వదిలిస్తానన్నాడు. అన్నీ నా ఎదుటే చేయించాడు కూడా. బండ్లవాళ్లిద్దరూ ఖాళీ డబ్బా పట్టుకుని, ఇంటి పెద్ద పోయినట్టు చూశారు నన్ను. కానీ కర్పూరం మాట ఎత్తేసరికి షావుకారు లేచి నిలబడ్డాడు.

"మిల్లు ఆపమంటే ఆపుతా మేడమ్. పూజ ఆపమనేదానికి నాకు ధైర్యం సాలదు."

హైదరాబాదుకు ట్రంకాల్ చేశాను. అప్పటికి మా పెద్దాఫీసరు రేవు వదిలి అక్కడ ఇంకా పెద్దాఫీసరయ్యాడు. నా గొంతు వినగానే తడిసినట్టు దగ్గాడు. సంగతంతా విని, "ట్యాంకుకు సీలు వేసెయ్, మిల్లు ఆగినా సరే. వేయకుండా అక్కడ నిప్పు రాజుకుందంటే ముందు నీ ఉద్యోగం పోతుంది" అని పెట్టేశాడు.

సీలు వేయడం ఎంతసేపు, లక్కా తీగా సంచీలోనే ఉన్నాయి. కానీ సంగతి ఎలా పొక్కిందో, మిల్లులో పత్తి మోసే ఆడవాళ్ల పెద్ద మా ఆఫీసుకు వచ్చింది. అందరూ పెద్దక్క అనేవాళ్లు. గుమ్మం దగ్గరే చతికిలబడింది.

"సీలేస్తావంట గదమ్మా."

"నిప్పంటుకుంటే లోపలుండేది మీరే కదా పెద్దక్కా."

"నిప్పంటుకుంటే అంటుకుంటాది. నువ్వు సీలేస్తే పొయ్యే అంటుకోదు. ఎండాకాలమంతా పనుల్లేక ఇంట్లోనే కూసుండాము. ఏసేది ఏద్దువుగానీ, యాసంగి పనులు దాటినాక ఎయ్యి."

ఆమె పోయాక బంట్రోతు కొలకర్రను గోడకు ఆనించి అన్నాడు. "అటు పోగు లాగితే ఇటు సిరుగుతాది, ఇటు లాగితే అటు సిరుగుతాది. నువ్వు కట్టుకునే సీర కాదు గాబట్టి సరిపోయినాది."

"నేను కట్టుకునే చీరేనయ్యా" అన్నాను.

ఆయుధపూజ పొద్దున లక్కా తీగా సంచీలో పెట్టుకునే వెళ్లాను. మిల్లు గేటు బయట పత్తి బండ్లు రోడ్డు మలుపు దాకా నిలబడి ఉన్నాయి. ట్యాంకుకు పసుపు రాసి, అరటి పిలకలు కట్టి, చామంతి దండలు వేశారు. అందంగా ఉంది, అబద్ధం చెప్పకూడదు. మూత తీసి ఉంది. మేస్త్రీ నిచ్చెన మీద, చేతిలో కర్పూరం పళ్లెం. కింద పెద్దక్కా ఆడవాళ్లూ. ఊడ్చిన దూది మళ్లీ గాలికి వచ్చి పడనే పడింది. పెనుకొండంత పత్తి కుప్ప అల్లంత దూరంలో.

"రామ్మా, నీ సేత్తోనే ఎలిగించు" అన్నాడు మేస్త్రీ, నాకు గౌరవం చేస్తున్నానని.

నాకు ఆ క్షణంలో ఓడలు గుర్తు రాలేదు, రూల్సు గుర్తు రాలేదు. మా నాన్న గుర్తొచ్చాడు. ఊరేగింపు రోజున గర్భగుడిలో దేవుణ్ణి కదిలించడు కదా ఆయన. చిన్న పంచలోహ విగ్రహాన్ని పల్లకీలో పెడతాడు. ఊరంతా హారతులిచ్చేది దానికే. లోపలి దేవుడికి పొగ తగలదు, వేడి తగలదు, ఎవరికీ లోటనిపించదు.

"మేస్త్రీ, దిగు. అమ్మకు ఊరేగింపు లేకుండానే హారతి ఇచ్చేస్తావా?" అన్నాను.

మేస్త్రీ పళ్లెంతో అలాగే ఆగాడు. "ట్యాంకును ఎట్ల ఊరేగించేది?"

"మూలవిరాట్టును ఎవరైనా కదిలిస్తారా? ఉత్సవమూర్తిని ఊరేగిస్తారు. అమ్మ పసుపూ కుంకుమా దేనికి పెట్టింది? నువ్వే దండం పెట్టావు కదా."

అందరూ కొలకర్ర వైపు తిరిగారు. కొలకర్ర పట్టుకున్న బంట్రోతు నా వైపు తిరిగాడు.

"మేడమ్, ఇది సర్కారుది. నా మీద రాసుండాది" అన్నాడు గొంతు తగ్గించి.

"సర్కారు కూడా ఈ రోజు ఆయుధపూజ చేసుకుంటుంది. నడువు."

మేస్త్రీ ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. అర్చకుల ఇంటి పిల్లనని షావుకారు అతని చెవిలో చెప్పాడు. అది పనిచేసింది, నా డిగ్రీ చేయని పని. మేస్త్రీ దిగాడు. నేను గబగబా నిచ్చెనెక్కి మూత వేసి బిగించాను. అమ్మకు ఏకాంతం అన్నాను. మా నాన్న వింటే ఏమనేవాడో.

కర్రకు పట్టుగుడ్డ చుట్టి, దండ వేసి, బంట్రోతు నెత్తిన గొడుగు పట్టి, డప్పులతో గేటు అవతలికి తీసుకుపోయాం. బండ్లు దాటాక ఖాళీ స్థలం ఉంది. అక్కడ హారతి, అక్కడే గుమ్మడికాయ, అక్కడే టెంకాయలు. నీళ్లన్నీ మట్టిలోకి. మా బంట్రోతు మొదట్లో పీనుగను మోస్తున్నట్టు నడిచాడు గానీ, నలుగురు కాళ్లకు మొక్కేసరికి నడక మారిపోయింది. తిరిగొచ్చేటప్పుడు గొడుగు సరిగా పట్టమని షావుకారునే కసిరాడు.

ఇంకేముంది, గెలిచాననుకున్నాను. సంచీలో లక్కను అడుక్కు తోసేశాను. మేస్త్రీ ఇంజను తిప్పాడు.

అది ఒక్క దగ్గు దగ్గలేదు. పొగ లేదు, వణుకు లేదు. కొత్త కుట్టుమిషనులా టకటకమని ఆడింది. నేను సంతోషంగా చుట్టూ చూశాను. ఒక్కరి మొహంలోనూ రక్తం లేదు. ఆడవాళ్లు ఎత్తిన గంపలు దించేశారు. గేటు దగ్గర ఒక బండివాడు ఎద్దులను వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు.

"అమ్మ రాలే" అన్నాడు మేస్త్రీ. నా వైపు చూస్తూ తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు. ఆ చూపు చాలు.

కర్పూరం తప్పించాను, నీళ్లు తప్పించాను, దాంతోపాటు అమ్మను కూడా తప్పించాను. సీలు వేయకుండానే మిల్లు మూయించిన మొదటి ఇనస్పెక్టరును నేనే అయ్యుంటాను. ఇంజను దగ్గకపోవడం మంచిదని చెబుదామంటే, ఎవరికి చెప్పేది? నీళ్లు కలిసిన డీజిలు గురించి అక్కడ ఉపన్యాసమా?

అప్పుడు పెద్దక్క లేచింది. కొంగు నడుముకు దోపుకుని ఇంజను దగ్గరికి పోయి, చెవి దానికి ఆనించినంత దగ్గరగా పెట్టి వింది. చాలాసేపే వింది.

"ఓరి మీ పాసుగూల" అంది చివరికి, మగవాళ్ల వైపు తిరిగి. "అమ్మ యాడికీ పోలేదురా. దగ్గు తగ్గినాది. ఇన్నేండ్లూ సల్లటి టెంకాయనీళ్లు గొంతులో పోసి పోసి దగ్గు తెప్పిస్తిరి. మీ పెండ్లాలకు పోస్తారా అట్ల, పొద్దుపొద్దున్నే? ఈ మేడమ్మ వచ్చి ఒక్క ఏడు మాన్పిస్తే ఎంత సుఖంగా మాట్లాడతాండాదో ఇను."

ఒక ముసలాయన వినడానికి ముందుకొచ్చాడు. వెనక ఇంకొకడు. మేస్త్రీ అందరికంటే ఆఖరున వచ్చి, ఇంజను మీద చెయ్యి పెట్టి, "జ్వరం గూడా లేదు" అన్నాడు మెల్లగా. అంతే. గంపలు లేచాయి. బండివాడు ఎద్దులను మళ్లీ ఇటు తిప్పుకున్నాడు.

నన్ను దాటి పోతూ పెద్దక్క ఆగింది. "సీలు సంచీలోనే ఉండాదా?"

"ఉంది."

"ఉండనీలే, పాపం" అని గంప ఎత్తుకుంది. ఆమె నమ్మి చెప్పిందో, పొయ్యి కోసం చెప్పిందో నాకు తెలియదు. నేను అడగలేదు. మీరూ ఉద్యోగంలో కొన్ని అడక్కండి.

ఇక్కడితో అయిపోయేదే. కానీ తర్వాతి దసరాకు పక్క మిల్లు షావుకారు వచ్చాడు. "మా ట్యాంకుకూ అమ్మను పంపియ్యండి మేడమ్." వేరే కర్ర చేయించుకోండి అంటే ఒప్పుకోరు, కుంకుమ వచ్చింది దీనికే కదా. సరే, నేనూ బేరం పెట్టాను. కుళాయి కారే చోటికి అమ్మ రాదు. దూది ఊడ్చని చోటికి రాదు. మూత వదులుగా ఉంటే అసలు గడప తొక్కదు. నోటీసుల మీద నోటీసులు ఇచ్చినా కదలని వాళ్లు, పండగకు ముందే ట్యాంకులు తళతళలాడించి కబురు పెట్టేవాళ్లు. ఏటికేడు ఆదోని మిల్లులయ్యాక ఎమ్మిగనూరు దాకా పాకింది. కర్ర ఒక్కటే కాబట్టి ఊరేగింపులు పండగ మర్నాడూ సాగేవి, దానికి బంట్రోతే పూజారి. కండక్టరు ఇప్పుడు లేచి సీటిస్తున్నాడని చెప్పుకునేవాడు.

ఎవరో హైదరాబాదుకు ఆకాశరామన్న ఉత్తరం రాశారు. సర్కారు కొలకర్రను మేడమ్ ఊళ్ల మీద తిప్పుతోందని. పండగ మర్నాడు చెప్పకుండా జీపులో దిగాడు పెద్దాఫీసరు. నేరుగా అలమర దగ్గరికి పోయి, "కొలకర్ర ఏది?" అన్నాడు.

గుమాస్తా తల దించుకుని చెప్పాడు. "ఎమ్మిగనూరులో ఊరేగింపులో ఉండాది సార్."

ఎమ్మిగనూరు చేరేదాకా జీపులో ఆయన మోకాలి మీద వేలితో ఏదో రాస్తూనే ఉన్నాడు. నా సస్పెన్షన్ ఆర్డరులో వాక్యాలు కూర్చుకుంటున్నాడని అనుకున్నాను. మిల్లు ముందు డప్పులు మోగుతున్నాయి. జీపు చూడగానే జనం ఎదురొచ్చారు. హైదరాబాదు నుంచి అమ్మ తాలూకు పెద్దాయన వచ్చాడని ఎవరో అన్నారు. ఆయన దిగి నోరు తెరిచేలోపే తలకు జరీ పాగా, మెడలో దండ, చేతిలో కొలకర్ర. మా బంట్రోతు గొడుగు ఆయన మీదికి జరిపాడు. ఇక నడవక ఏం చేస్తాడు. గేటు దాకా మోశాడు. హారతి కళ్లకద్దుకున్నాడు.

జనం పనుల్లోకి పోయాక పాగాతోనే ట్యాంకెక్కాడు. బొట్లన్నీ తుడిచి, ముద్ద పూసి, కర్ర తానే దించి తీశాడు. చుక్క నీళ్లు లేవు. కుళాయి కింద వేలుపెట్టి చూశాడు, పొడిగా ఉంది. మూత లాగి చూశాడు. నేల మీద దూది కోసం వంగి వెతికాడు. తర్వాత వచ్చి జీపులో కూర్చున్నాడు. పాగా తీయడం మర్చిపోయాడో, తీయబుద్ధి కాలేదో.

ఊరు దాటాక, కిటికీలోంచి చూస్తూ అడిగాడు. "ఇది రేవులో ఓడలకు చేస్తే పనిచేస్తుందంటావా?"

"ఎందుకు చేయదు సార్."

"ఓడకు ఉత్సవమూర్తిగా దేన్ని పెడతాం మరి?"

"తాళ్ల నిచ్చెన ఉంది కదా సార్" అన్నాను.

ఆయనకు పొలమారింది. దగ్గు మొదలై ఎంతకీ ఆగలేదు. కళ్లనీళ్లు వస్తున్నాయి, భుజాలు ఊగుతున్నాయి, పాగా వదులై చెవి మీదికి జారింది. వెనక సీట్లో ఒళ్లో కొలకర్ర పెట్టుకుని కూర్చున్న బంట్రోతు రెండు చేతులూ జోడించాడు.

"కదిలియ్యాకండి మేడమ్. సారు మీదికి అమ్మ వచ్చినాది."